సాగదీసిన పాటకు సొంతదారులెవరు?

తిరుపతిలో యూనివర్సిటీ చుట్టుపక్కల గదుల్లో అర్ధరాత్రి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వేపర్‌వేవ్ వినే కుర్రాళ్ళు కొందరున్నారు. పాత పాటలోంచి ఓ ముక్క కోసి, వేగం తగ్గించి, ప్రతిధ్వని కలిపి, దాన్నే మళ్ళీ మళ్ళీ తిప్పడం ఈ సంగీతం పద్ధతి. వినేది కొద్దిమందే అయినా ప్రాణం పెట్టి వింటారు. ఎనభైల నాటి తెలుగు సినిమా పాటలతో చేసిన మిక్సులంటే వీళ్ళకు మరీ మోజు. వాళ్ళ బాధల్లా ఒకటే. నిన్న విన్న మిక్సు ఇవాళ ఉండదు. కాపీరైట్ ఫిర్యాదు వచ్చిందని తీసేస్తారు.

ఈ సంగీతం మూలాలు హోటల్ లాబీల్లో ఉన్నాయి. 1934లో అమెరికాలో మొదలైన మ్యూజాక్ కంపెనీ హోటళ్ళకూ ఆఫీసులకూ ఫ్యాక్టరీలకూ తీగల మీద సంగీతం పంపేది. ఎవరూ చెవి పెట్టి వినకూడదు, వినపడుతూ మాత్రం ఉండాలి. మన ఊరి లాబీల్లో వేణువు మీద మోగే కీర్తనలదీ అదే స్థితి. గది తాళం కోసం నిలబడ్డ యాత్రికుడు అది వాయించిందెవరని అడగడు. అలా ఎవరూ పట్టించుకోని సంగీతాన్ని ముందుకు తెచ్చి వినమన్నది వేపర్‌వేవ్. 2010లో డేనియల్ లోపాటిన్ అనే అమెరికన్ సంగీతకారుడు చక్ పర్సన్ అనే మారుపేరుతో ‘ఎకోజామ్స్’ విడుదల చేశాడు. 2011 డిసెంబరులో రమోనా జేవియర్ మెకింతోష్ ప్లస్ పేరుతో ‘ఫ్లోరల్ షాప్’ తెచ్చింది. అందులో బాగా పేరొచ్చిన పాటకు ఆధారం అమెరికన్ గాయని డయానా రాస్ 1984లో పాడిన పాట. ఆ గొంతును ఎంత నెమ్మది చేశారంటే మగవాడు పాడుతున్నట్టుంటుంది.

సెల్లులు డౌనైన టేప్‌రికార్డర్లో బాలు గొంతు బరువెక్కి సాగడం విన్నవాళ్ళకు ఇది కొత్తేమీ కాదు. వేగం సగానికి దించితే శ్రుతి సరిగ్గా ఒక స్థాయి కిందికి పడుతుంది. అప్పుడు, మామూలుగా పల్లవి తర్వాత రెప్పపాటులో దాటిపోయే ఇంటర్లూడ్ విప్పారుతుంది. ఇళయరాజా పాటైతే బేస్ గిటార్ ఎటు నడుస్తోందో, ఫ్లూట్ వాయించే మనిషి ఎక్కడ ఊపిరి తీసుకున్నాడో కూడా తెలుస్తుంది. నాకు ఈ సంగీతం మీద గౌరవం కలిగింది అందుకే. బద్ధకంగా కూర్చుని వినేదని దీన్ని తీసిపారేసేవాళ్ళు ఒక్కసారి ఆ ఇంటర్లూడ్ విని మాట్లాడాలి.

కోర్టుల సంగతికొస్తే, ఇంకొకరి పాట ముక్కను అనుమతి లేకుండా వాడుకున్న బిజ్ మార్కీ అనే అమెరికన్ ర్యాపర్ కేసులో 1991లో న్యూయార్క్ జడ్జి తీర్పును ‘దొంగిలించకూడదు’ అన్న బైబిలు ఆజ్ఞతో మొదలుపెట్టాడు. ఆ తర్వాత పెద్ద కంపెనీలు ముక్క ముక్కకూ అనుమతి కొనడం మొదలుపెట్టాయి. డబ్బు లేనివాళ్ళు మారుపేర్ల చాటున ఇంటర్నెట్లో పెట్టేశారు.

మనకు దగ్గరగా తగిలే కేసు ఇంకొకటుంది. 1981 నాటి హిందీ సినిమా ‘జ్యోతి’కి బప్పీ లహిరి కట్టి, లత పాడిన పాట 2002లో ట్రూత్ హర్ట్స్ అనే అమెరికన్ గాయని పాటలో ప్రత్యక్షమైంది. బప్పీ పేరు ఎక్కడా లేదు. వ్యవహారం కోర్టుకెక్కింది. ఆయన పేరు వేయకుండా ఆ సీడీ అమ్మడానికి వీల్లేదని 2003లో అక్కడి జడ్జి ఆదేశించారు. డబ్బు లెక్కలు ఎలా తేలినా, ముందు పేరు వేయమన్నారు. నాకు సబబుగా తోచిన తీర్పు అది.

మన చట్టంలో రికార్డు మీద హక్కు అది విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు. అంటే 1963లో వచ్చిన రికార్డు 2024 జనవరి నుంచి అందరిదీ. అయితే బాణీ మీద, సాహిత్యం మీద హక్కు రాసినవాళ్ళు పోయాక మరో 60 ఏళ్ళు ఉంటుంది. కాబట్టి ఎనభైల పాటను అడక్కుండా తీసుకుంటే కంపెనీ ఫిర్యాదు చేయడంలో చట్టపరంగా తప్పేమీ లేదు.

పేరు విషయంలో మాత్రం మన ఊరికి పాత బాకీ ఉంది. అన్నమయ్య రేకుల మీద రాగం పేరుంది గానీ స్వరం లేదు. ఇవాళ మనం పాడుకునే బాణీలు చాలావరకు గత శతాబ్దంలో కట్టినవే. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ కొన్నిటికి కట్టారు. ‘వినరో భాగ్యము’ గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గారి బాణీ. ఆ కీర్తన రాని ఇల్లు తిరుపతిలో ఉండదు. బాణీ ఎవరిదని అడిగితే మాత్రం చాలామంది అన్నమయ్యదే అంటారు.

ఈ కుర్రాళ్ళలో కొందరు ఇప్పుడు మిక్సు కింద సినిమా, సంవత్సరం, సంగీత దర్శకుడు, గాయకుల పేర్లు రాస్తున్నారు. దానివల్ల కాపీరైట్ ఫిర్యాదులు ఆగవు. అయినా రాస్తున్నారు. ఆ ఇంటర్లూడ్‌లో ఫ్లూట్ వాయించిందెవరో రాయాలంటే మాత్రం, అప్పటి క్యాసెట్ అట్టల మీద ఆ పేర్లే దాదాపు కనిపించవు.