కనబడకుండా పోయే నీళ్ళు: మరబోటు ఇంజను గురించి పిల్లలకు ఉత్తరం

కాకినాడ,
మే నెల మొదటి వారం.

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. ఏటా ఉండే చేపల వేట నిషేధానికి ముందు వెళ్ళిన చివరి రెండు వేటల్లోనూ ఇంజను నీళ్ళ ట్యాంకులో రోజుకు దాదాపు రెండు లీటర్లు తగ్గాయనీ, ఇంజను కింద మాత్రం ఎక్కడా తడి కనబడలేదనీ, రేవులో అడిగినవాళ్ళందరూ హెడ్ గాస్కెట్ (ఇంజను బ్లాకుకూ, దాని పైనుండే హెడ్‌కూ మధ్య ఉండే పలుచని సీలు) పోయిందని తేల్చేశారనీ రాశారు. జూన్ 14 దాకా బోటు ఎలాగూ కట్టేసే ఉంటుంది కాబట్టి ఈలోగా హెడ్ విప్పించమంటారా అని అడిగారు. ఇప్పుడే విప్పించవద్దు. పోయిన నీళ్ళు ఎక్కడికి పోయాయో తెలియకుండా స్పానర్ పట్టుకుంటే ఏమవుతుందో నాకు అనుభవం ఉంది.

సుమారు ముప్పై ఏళ్ళ కిందట ఇలాంటి ఫిర్యాదుతోనే ఒక పాత ఆరు సిలిండర్ల ఇంజను నా దగ్గరకు వచ్చింది. నేను మరో ఆలోచన లేకుండా హెడ్ దింపి, కొత్త గాస్కెట్ వేసి, మూడు రోజులు కష్టపడి బిగించాను. బోటు వేటకు వెళ్ళి వచ్చింది, నీళ్ళు మళ్ళీ అంతే తగ్గాయి. చివరకు చూస్తే ట్యాంకు మూతలోని రబ్బరు వాచరు పగిలి ఉంది. ఇంజను కాగినప్పుడల్లా నీళ్ళు ఆవిరై మూత పక్కనున్న సన్న గొట్టం గుండా పోతున్నాయి. ఆ యజమాని నన్ను ఒక్క మాట అనలేదు కానీ, ఆ రోజు నుంచి నేను మూత చూడకుండా ఏ ఇంజనునూ ముట్టుకోలేదు.

ముందు ఇంజనులో నీళ్ళు తిరిగే దారి చెబుతాను. మన బోటులో నీళ్ళు రెండు రకాలు, వాటికి దారులూ రెండు. ఒకటి మంచినీళ్ళలో కూలెంట్ కలిపి పోసేది. అది బ్లాకులోనూ, హెడ్‌లోనూ, పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ చుట్టూ తిరిగి వేడిని మోసుకొస్తుంది. రెండోది సముద్రపు నీరు. అది బోటు అడుగున ఉన్న వాల్వు గుండా వచ్చి, రబ్బరు రెక్కల పంపులో పడి, కూలర్‌లోని సన్నని గొట్టాల గుండా వెళ్ళి బయటకు పోతుంది. మనం కూలర్ అని పిలిచే ఆ డబ్బాలోనే హీట్ ఎక్స్‌ఛేంజ్, అంటే కూలెంట్ వేడి సముద్రపు నీటికి మారడం జరుగుతుంది. గొట్టాల లోపల ఉప్పునీరు, వాటి చుట్టూ కూలెంట్ ఉంటాయి. మధ్యలో ఉన్న అడ్డు పలుచని లోహపు గోడ ఒక్కటే. ఈ రెండు దారులూ మనసులో ఉంచుకుంటే సగం పని అయినట్టే. ఎందుకంటే తగ్గిన కూలెంట్ పోగలిగినవి మూడే చోట్లు: బోటు లోపలికి కారో, ఆవిరయో పోవాలి, లేదా సముద్రంలోకి పోవాలి, లేదా ఇంజను కడుపులోకి దిగాలి. మీరు కింద తడి లేదంటున్నారు కాబట్టి మిగిలిన రెండింటిపై అనుమానం ఎక్కువే, అయినా మొదటిదాన్ని అంత తొందరగా కొట్టివేయకండి. కాగిన ఇనుము మీద పడిన చుక్క కింద పడేలోపే ఎండిపోతుంది, మిగిలేది మరక ఒక్కటే. తెల్లగా పొడిపొడిగా ఉప్పు పేరుకుంటే అది సముద్రపు నీరు. ఆకుపచ్చగానో, గులాబీరంగుగానో, వేలికి కాస్త జిగురుగానో తగిలితే అది కూలెంట్. నా చిన్నప్పుడు మేస్త్రీలు వేలు ముంచి నాలుకకు రాసుకుని ఉప్పునీరో మంచినీరో చెప్పేవారు. మీరు ఆ పని చేయవద్దు. చాలా కూలెంట్లలో ఇథిలీన్ గ్లైకాల్ ఉంటుంది, అది తియ్యగా ఉంటుంది కానీ విషం.

ఇంజను పూర్తిగా చల్లారిన తరువాతే మూత తీయండి. వేడిగా ఉన్నప్పుడు తీస్తే మరుగుతున్న నీరు మొహం మీదకు ఎగజిమ్ముతుంది. ఆ మూత ఉత్త బిరడా కాదు, అందులో ఒక స్ప్రింగు, రబ్బరు వాచరు ఉంటాయి. దాని మీద 7 అనో 10 అనో అచ్చు వేసి ఉంటుంది. అది చదరపు అంగుళానికి అన్ని పౌన్ల ఒత్తిడి వచ్చేదాకా మూత తెరుచుకోదని అర్థం. 7 పౌన్ల ఒత్తిడిలో మామూలు నీరు 100 డిగ్రీల దగ్గర కాకుండా సుమారు 111 డిగ్రీల దగ్గర మరుగుతుంది. వాచరు పగిలితే ఆ లాభం పోతుంది, ఇంజను కాగకుండానే నీళ్ళు మరిగి పోతాయి. కొత్త మూత ధర హెడ్ గాస్కెట్ ధరలో ఎన్నో వంతో మీరే లెక్క వేసుకోండి. కొనేటప్పుడు పాత మూత మీది అంకెనే అడగండి. ఎక్కువ అంకె వేస్తే మంచిదని ఎవరైనా చెబితే వినకండి, ముసలి గొట్టాలు ఆ ఒత్తిడికి తట్టుకోవు.

తరువాత ప్రెషర్ పరీక్ష. రేడియేటర్ పనివాళ్ళ దగ్గర మీటరు ఉన్న చేతిపంపు దొరుకుతుంది, ఒక పూటకు అడిగి తెచ్చుకోండి. ఇంజనును గుడ్డతో శుభ్రంగా తుడవండి. గొట్టాల జాయింట్ల దగ్గర, వాటర్ పంపు కింద, బ్లాకు పక్కన గుండ్రంగా కనిపించే కోర్ ప్లగ్గుల చుట్టూ సుద్దపొడి చల్లండి. ట్యాంకు నిండుగా పోసి, మూత స్థానంలో పంపు బిగించి, మూత మీది అంకె దాకా మాత్రమే ఒత్తిడి ఎక్కించి పావుగంట కూర్చోండి. ముల్లు కదలకపోతే చల్లగా ఉన్నప్పుడు లీకు లేదన్నమాట. ముల్లు పడుతూ ఉంటే సుద్ద ఎక్కడ తడిసిందో చూడండి. ఎక్కడా తడవకుండా ముల్లు పడిందా, నీళ్ళు సముద్రంలోకో ఇంజను లోపలికో పోతున్నాయి. ఇదే పరీక్ష ఇంజనును ఒక అరగంట తిప్పి ఆపి, కాస్త చల్లారి గోరువెచ్చగా ఉన్నప్పుడు ఇంకోసారి చేయాలి. కొన్ని లీకులు లోహం సాగినప్పుడే తెరుచుకుంటాయి, కొన్ని చల్లారి ముడుచుకున్నప్పుడే కారతాయి. ఇంజను ఆపిన రాత్రి కారి, తెల్లారేసరికి ఎండిపోయే క్లిప్పు లీకుల కోసం నేను పంపు కింద పాత పేపరు పరిచి పడుకునేవాడిని.

వాటర్ పంపు కడుపు కింద చిన్న రంధ్రం ఉంటుంది. అది తయారీలో మిగిలిపోయిన లోపం కాదు, కావాలని పెట్టినదే. లోపలి సీలు అరిగితే నీరు బేరింగులోకి పోకుండా ఆ రంధ్రం గుండా బయటికి వచ్చి మనకు తెలియజేస్తుంది. చుక్క పడుతోందని దానికి ఎంసీల్ పెట్టి మూసినవాళ్ళను నేను చూశాను. వారం తిరగకుండా బేరింగు కూడా పోయింది.

ఇక మీ విషయంలో నా అనుమానమంతా కూలర్ మీదే. ఇంజను నడిచేటప్పుడు కూలెంట్ వైపు ఒత్తిడి సముద్రపు నీటి వైపు కంటే సాధారణంగా ఎక్కువగా ఉంటుంది. గొట్టాల్లో ఒకదానికి సూదిమొనంత చిల్లు పడినా, కూలెంట్ ఉప్పునీటితో కలిసి బోటు పక్కనుంచి సముద్రంలోకి పోతుంది. కింద ఒక్క చుక్క కూడా పడదు. ఉప్పునీటిలో రెండు వేర్వేరు లోహాలు తగిలి ఉంటే వాటిలో బలహీనమైనది కరిగిపోతుంది. అందుకే కూలర్‌లో జింక్ పెన్సిల్ ఒకటి బిగిస్తారు. అది రాగి గొట్టాల బదులు తాను కరుగుతుంది. సగం కరిగిందంటే మార్చేయాలి. మీరు దాన్ని చివరిసారి ఎప్పుడు విప్పి చూశారో ఉత్తరంలో రాయలేదు, నాకు అక్కడే అనుమానం వచ్చింది.

చూసే పద్ధతి ఇది. అడుగు వాల్వు మూసి, కూలర్‌లోని ఉప్పునీరు వంపేసి, కూలర్ చివరనున్న మూత విప్పండి. గొట్టాల నోళ్ళు తేనెతుట్టెలా కనిపిస్తాయి. వాటిని గుడ్డతో పూర్తిగా ఆరబెట్టి, కూలెంట్ వైపు చేతిపంపుతో ఒత్తిడి పెట్టి, టార్చి వేసి కదలకుండా చూస్తూ ఉండండి. చిల్లు పడిన గొట్టం నోటి దగ్గర ముందు సన్నటి మెరుపు కనిపిస్తుంది, తరువాత గింజంత చుక్క నిలుస్తుంది, అది జారిపోగానే ఇంకొకటి మొదలవుతుంది. కొన్ని కూలర్లలో మూత విప్పగానే లోపలి గొట్టాల కట్ట రబ్బరు రింగులు కూడా వదులవుతాయి. అలాంటివాటిని పూర్తిగా బయటకు తీసి, నీళ్ళ తొట్టిలో ముంచి, గాలి పెట్టి బుడగలు చూడాలి. ఒకటి రెండు గొట్టాలే పోతే రెండు చివరలా బిరడాలు కొట్టి ఈ సీజను గడిపేయవచ్చు. అంతకంటే ఎక్కువ పోతే మరమ్మతు మాట మరిచి, కట్ట మార్చండి. మూత విప్పినప్పుడు గొట్టాల నోళ్ళలో నల్లని రబ్బరు ముక్కలు కనిపిస్తే అవి సముద్రపు నీటి పంపులో తిరిగే ఇంపెల్లర్ రెక్కలు. ఎన్ని రెక్కలు విరిగాయో లెక్కపెట్టి, అన్ని ముక్కలూ దొరికేదాకా వెతకండి. ఒక్కటి మిగిలినా మళ్ళీ ఇంజను కాగుతుంది.

కూలర్ బాగుందని తేలితేనే హెడ్ మాట. చల్లటి ఇంజను స్టార్ట్ చేసిన నిమిషంలోపే పై గొట్టం గట్టిపడినా, మూత తీసి ఉంచితే ట్యాంకులో ఆగకుండా బుడగలు వస్తున్నా సిలిండర్ గాలి నీటిలోకి వస్తోందని అర్థం. డీజిల్ పంపు ఉన్న మన పాత ఇంజన్లలో ఏ సిలిండరో కూడా తెలుసుకోవచ్చు. సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ పైపు నట్టు ఒక్కొక్కటిగా గుడ్డ చుట్టి కొంచెం వదులు చేస్తే ఆ సిలిండర్ మంట ఆగుతుంది, అప్పుడు బుడగలు ఆగినా బాగా తగ్గినా గాస్కెట్ అక్కడే పోయింది. ఈ పని మాత్రం పెద్దవాళ్ళు పక్కన లేకుండా చేయకండి, డీజిల్ ఒత్తిడికి చర్మం చీలుతుంది. హెడ్ విప్పాల్సి వస్తే స్టీలు స్కేలు అడ్డంగా పెట్టి ఫీలర్ గేజీతో వంపు చూడండి, మళ్ళీ బిగించేటప్పుడు టార్క్ రెంచితో మధ్య బోల్టుల నుంచి బయటికి, రెండు మూడు విడతల్లో బిగించండి.

నీళ్ళు ఆయిల్‌లోకి దిగుతున్నాయేమో కూడా చూడాలి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లబడితే అనుమానం అక్కరలేదు. అంత స్పష్టంగా లేనప్పుడు రాత్రంతా ఇంజను కదపకుండా ఉంచి, తెల్లారి ఆయిల్ డ్రెయిన్ నట్టును అర చుట్టు మాత్రం వదులు చేయండి. నీరు బరువు కాబట్టి ముందు అదే కారుతుంది. ఆయిల్ కూలర్ చిల్లు పడినా, సిలిండర్ లోపలి గొట్టమైన లైనర్ కింద ఉండే ‘ఓ’ ఆకారపు రబ్బరు రింగులు పోయినా ఇదే కనిపిస్తుంది. సిలిండర్ లోపలికి నీరు చేరిందని అనుమానం ఉంటే సెల్ఫ్ కొట్టవద్దు. నీరు అణగదు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఇంజెక్టర్లు తీసి చేత్తో తిప్పాలి.

లీకు ఆపే పొడి ఒకటి షాపులో ఇస్తారని రాశారు. నడిసముద్రంలో దిక్కులేనప్పుడు సరే. రేవులో కూర్చుని ఆ పొడి వేస్తే చిల్లుతో పాటు మంచి గొట్టాలు కూడా మూసుకుపోతాయి. బోరునీళ్ళు పోయడం కూడా మానండి, బ్లాకులో సున్నపు పొర కడుతుంది. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం కలిపి పోసి, పైనున్న గాలి స్క్రూ వదులు చేసి, బుడగ లేకుండా నీరు వచ్చేదాకా ఆగి బిగించండి. గాలి మిగిలితే మీటరు మామూలుగా చూపిస్తున్నా హెడ్ లోపల కాలిపోతుంది.

శనివారం నాటికి ఈ నాలుగు సంగతులు రాసి పంపండి: మూత మీది అంకె, పావుగంటలో ముల్లు ఎంత పడిందో చల్లగా ఉన్నప్పుడు ఒకటి, వెచ్చగా ఉన్నప్పుడు ఒకటి, జింక్ పెన్సిల్ ఎంత మిగిలిందో. కూలర్ మూత విప్పితే గొట్టాల నోళ్ళ ఫొటో కూడా తీయండి. టార్చి పక్కనుంచి వేసి తీయండి, ఎదురుగా వేస్తే చుక్క కనబడదు.

ఇట్లు,
మీ తాతయ్య