వేషం విప్పని వెటకారం

మొన్న లీలామహల్ సర్కిల్ దగ్గర టీ తాగుతుంటే మా వీధి డిగ్రీ పిల్లోడు అడిగినాడు: "ప్రపంచాన్నంతా ఇల్యూమినాటీ వాళ్లే నడిపిస్తా ఉండారంట, నిజమేనా సార్?"

ఆ పేరుతో ఒక రహస్య సంఘం ఉండిన మాట నిజమే. 1776 మే 1న, ఇప్పటి జర్మనీలో ఉన్న బవేరియాలోని ఇంగోల్‌స్టాట్‌లో ఆడమ్ వైస్‌హాప్ట్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు దాన్ని పెట్టాడు. 1785కల్లా ప్రభుత్వం నిషేధించింది, సంఘం చెదిరిపోయింది. 1797లో బారుయెల్ అనే ఫ్రెంచి మతగురువు, రాబిసన్ అనే స్కాట్లండ్ శాస్త్రవేత్త ఎవరికి వారుగా ఫ్రెంచి విప్లవాన్ని దీని నెత్తిన పెట్టారు. కుట్ర కథ అక్కడ మొదలైంది.

దాన్ని మన ఫోన్లదాకా తెచ్చింది మాత్రం చాలావరకు ఒక వెటకారం. 1960లలో అమెరికాలో కెర్రీ థార్న్‌లీ, గ్రెగ్ హిల్ అనే స్నేహితులు 'డిస్కార్డియనిజం' అని ఒక ఎగతాళి మతం నడిపేవాళ్లు. వాళ్లతో చేరిన రాబర్ట్ ఆంటన్ విల్సన్ ప్లేబాయ్ పత్రికలో పనిచేసేవాడు. అన్నిటికీ ఇల్యూమినాటీయే కారణమంటూ, ఒకదానికొకటి పొసగని ఉత్తరాలు పత్రికలో వేయించారు. ఇన్ని రకాలుగా చదివితే జనం అచ్చయిన దాన్నల్లా నమ్మడం మానేస్తారని వాళ్ల ఆశ. ఆశ మంచిదే. కానీ ఉత్తరాలు చేతులు మారేకొద్దీ రాసినవాళ్ల నవ్వు జారిపోయి, పేరొక్కటే మిగిలింది.

మన తిరుపతి గంగజాతరలో వేషం కట్టినవాడు బూతులు తిట్టినా ఎవరికీ కోపం రాదు. విశ్వరూప గంగమ్మ మట్టి బొమ్మ చెంప తొలగించడంతో జాతర ముగుస్తుందని, వేషాలు విప్పేస్తారని తిట్టేవాడికీ తెలుసు, తిట్లు పడేవాడికీ తెలుసు. ఇల్యూమినాటీ ఎగతాళికి అట్లాంటి ఆఖరి రోజంటూ లేకపోయింది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది థార్న్‌లీ కథ. 1959లో సైన్యంలో అతనితోపాటు పనిచేసినవాడే, తర్వాత అమెరికా అధ్యక్షుడు కెనెడీని కాల్చాడన్న ఆరోపణ మోసిన ఆస్వాల్డ్. ఆ కేసు విచారణలో 1968లో థార్న్‌లీ మీద అబద్ధపు సాక్ష్యం నేరం మోపారు. తర్వాత అది వీగిపోయింది. అతని మనసు మాత్రం కుదుటపడలేదు. తనకే తెలియకుండా తనను ఆ హత్య కుట్రలో వాడుకున్నారని 1970లలో గట్టిగా నమ్మడం మొదలుపెట్టాడు. 1998లో పోయేదాకా ఆ నమ్మకం అతణ్ణి వదల్లేదు.

పిల్లోడు ఇదంతా శ్రద్ధగా విన్నాడు. తెలివైనవాడు, చదువుకునేవాడు. గ్లాసు కింద పెట్టి అడిగినాడు: "మరి థార్న్‌లీని అట్లా చేసిందెవురు సార్?"