కోడ్ కమాండ్ పనిచేయలేదా? విండోస్ మార్చక్కర్లేదు

తిరుపతిలో ఫైనలియర్ పిల్లలకు వెబ్ డెవలప్‌మెంట్ నేర్పిస్తుంటాను. ప్రతి కొత్త బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ల్యాప్‌టాప్ నా ముందు పెట్టి, "మేడమ్, వీఎస్ కోడ్ పాడైపోయింది, విండోస్ మళ్లీ వేయించాలంట" అంటారు. వీఎస్ కోడ్ అంటే ప్రోగ్రామ్‌లు రాసుకునే ఎడిటర్. ఉన్న ఫోల్డర్‌ను అందులో తెరవడానికి టెర్మినల్‌లో, అంటే కమాండ్లు కొట్టే విండోలో, కోడ్ అని కొట్టి, ఒక స్పేస్ ఇచ్చి, చుక్క పెట్టి ఎంటర్ నొక్కితే ‘నాట్ రికగ్నైజ్డ్’ అని వచ్చి ఉంటుంది. జరిగింది అంతే.

అపోహ: ఆ ఎర్రర్ వస్తే ఎడిటర్ కరప్ట్ అయినట్టే.

వాస్తవం: ఎడిటర్‌కు ఏమీ కాలేదు. స్టార్ట్ మెనూ నుంచి తెరిచి చూడండి, మామూలుగానే తెరుచుకుంటుంది. మీరు కొట్టిన కమాండ్‌ను టెర్మినల్, ‘పాత్’ అనే జాబితాలో ఉన్న ఫోల్డర్లలో వెతుకుతుంది. అక్కడ దొరక్కపోతే ఆ మాట అంటుంది. పైగా టెర్మినల్ తెరిచినప్పుడు ఉన్న ‘పాత్’ జాబితా మాత్రమే దానికి తెలుసు. ఇన్‌స్టాల్‌కు ముందు తెరిచిన టెర్మినల్ అయితే మూసి కొత్తది తెరవండి. చాలామందికి ఇక్కడితోనే సమస్య తీరిపోతుంది. వీఎస్ కోడ్ లోపలి టెర్మినల్ అయితే ఎడిటర్ విండోలన్నీ మూసి మళ్లీ తెరవాలి.

అప్పటికీ రాకపోతే అదే ఇన్‌స్టాలర్ మళ్లీ రన్ చేసి ‘యాడ్ టు పాత్’ దగ్గర టిక్ పెట్టండి. మీ సెట్టింగులు, ఎక్స్‌టెన్షన్లు, ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. మ్యాక్‌లో అయితే ఎడిటర్‌లోని కమాండ్ ప్యాలెట్‌లో (కమాండ్లు వెతికే పెట్టెలో) ‘షెల్ కమాండ్’ అని వెతకండి, కోడ్‌ను పాత్‌లో చేర్చే ఆప్షన్ వస్తుంది.

పుత్తూరు అబ్బాయి ఒకడు నా దగ్గరికి వచ్చేసరికే ఎవరి మాటో విని సీ డ్రైవ్ ఫార్మాట్ చేయించేశాడు. డెస్క్‌టాప్ మీదున్న మెయిన్ ప్రాజెక్ట్ మొత్తం పోయింది, బ్యాకప్ లేదు. వాడి ముఖం చూస్తే తిట్టబుద్ధి కాలేదు. భయపడ్డ పిల్లాడికి ఆ సలహా ఇచ్చినవాళ్ల మీదే నా కోపమంతా. దయచేసి తెలియకపోతే ఫార్మాట్ మాట ఎత్తకండి.

సెట్‌ఎక్స్ అనే విండోస్ కమాండ్‌తో పాత్ మార్చమనే చిట్కా జోలికి కూడా పోవద్దు. విలువ 1024 అక్షరాలు దాటితే అది మిగతాది కత్తిరించేస్తుంది. కత్తిరించిన భాగంలో పైథాన్, గిట్ (కోడ్‌లో మార్పులను భద్రపరిచే టూల్) ఫోల్డర్ల దారులుంటే అవీ పనిచేయడం మానేస్తాయి. పలమనేరు అమ్మాయికి ఇదే జరిగితే "ఏమీ పోలేదమ్మా" అని పక్కన కూర్చోబెట్టుకుని, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ విండోలో ఒక్కో ఫోల్డర్ మళ్లీ చేర్పించాను. పాత్ మార్చాలంటే ఆ విండోలోనే మార్చండి.

మిగతావి చిన్నవే. కోడ్ కమాండ్‌కు లేని ఫైల్ పేరు ఇస్తే ఎర్రర్ రాదు, ఖాళీ ట్యాబ్ తెరుచుకుంటుంది. సేవ్ చేసేదాకా డిస్క్ మీద ఫైల్ ఉండదు. పేరులో స్పేస్ ఉంటే కోట్స్‌లో పెట్టండి, లేకపోతే రెండు ఫైళ్లనుకుంటుంది. వీఎస్ కోడ్‌ను గిట్‌కు ఎడిటర్‌గా పెట్టుకునేటప్పుడు, ట్యాబ్ మూసేదాకా గిట్‌ను ఆపి ఉంచే వెయిట్ ఆప్షన్ తప్పనిసరి. కమిట్ (మార్పులను గిట్‌లో నమోదు చేసే కమాండ్) కొట్టాక టెర్మినల్ కదలకపోతే హ్యాంగ్ అయిందని కంట్రోల్ సీ కొట్టకండి. మెసేజ్ రాసి, సేవ్ చేసి, ఆ ట్యాబ్ మూయండి, కమిట్ పూర్తవుతుంది.