ఎర్రచందనం, వేగిస: దాయాదులే, ముప్పులు వేరు

ఎర్రచందనం దుంగలు పట్టుబడితే పేపర్లో వార్త వస్తుంది. దాని దాయాది వేగిసను నరికితే రాదు. రెండూ టెరోకార్పస్ ప్రజాతివే: పసుపు పూలు, చుట్టూ రెక్క ఉన్న గుండ్రటి కాయలు. గాటు పెడితే రెండింటికీ ఎర్రటి జిగురే కారుతుంది కనుక దాన్ని చూసి చెట్టును తేల్చలేం. ఆకు చూడాలి. ఎర్రచందనానికి ఒక్కో రెమ్మకు సాధారణంగా మూడు వెడల్పాటి ఆకులు, వేగిసకు ఐదు నుంచి ఏడు కోలాకులు. ముదురు ఎర్రచందనం బెరడు మొసలి వీపులా పలకలుగా పగులుతుంది.

చేవపొట్టుతో (మాను లోపలి ముదురు కలప రంపపు పొట్టుతో) ఇంకా తేలిక. వేగిస పొట్టు నానిన నీరు పసుపు రంగుకు తిరిగి, ఎండలో నీలంగా మెరుస్తుంది. ఎర్రచందనంలోని శాంటలిన్ అనే ఎర్ర రంగు నీటిలో దాదాపు కరగదు. స్పిరిట్‌లో వేస్తేనే ఎర్రగా దిగుతుంది.

ఎర్రచందనం ఇల్లు చాలా చిన్నది: శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండలు, వాటి చుట్టుపక్కల అడవులు. 1995 నుంచి సైటిస్ (అడవి మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది. ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం) ఎర్ర జాబితాలో 1998లో ‘అంతరించే ప్రమాదం’లో ఉన్న దీన్ని 2018లో ‘ముప్పుకు చేరువ’కు దించారు. 2021లో మళ్లీ ‘అంతరించే ప్రమాదం’లోకే తెచ్చారు. స్మగ్లర్లకు కావలసింది చేవ బాగా పట్టిన లావు చెట్లు. బాగా కాసేవీ అవే కాబట్టి, కొట్టేసిన చోట విత్తనమూ కరువవుతుంది.

వేగిస ‘ముప్పుకు చేరువ’ వర్గంలో ఉంది. భారత్, శ్రీలంక, నేపాల్ అడవుల్లో పెరుగుతుంది కాబట్టి పరవాలేదనుకుంటారు. అది పొరపాటని నా గట్టి అభిప్రాయం. దీన్ని తినేది ఒక్క ముఠా కాదు: కలపకు మాను, షుగర్ మందు పేరుతో నీళ్లు పోసుకు తాగే చెక్క గ్లాసులకు చేవ, జిగురుకు బెరడు, పశువుల మేతకు కొమ్మలు. ఏటా కొమ్మలు నరికిన చెట్టుకు పూత తగ్గుతుంది, కాయ నిలవదు. మొలిచిన కొద్ది మొక్కలనూ మేత, కార్చిచ్చు మిగలనివ్వవు. ఎర్రచందనానికి కాపలా పెడితే కొంతైనా ఆగుతుంది. వేగిసకు కాపలా చాలదు; మొలకలున్న జాగాలో కొన్నేళ్లు మేత ఆపాలి, వేసవికి ముందే అగ్గిబాటలు (మంట పాకకుండా ఎండుగడ్డి తీసేసిన బాటలు) తీయాలి, కాసే చెట్లకు గుర్తు పెట్టి వదిలేయాలి.

నర్సరీలో రెండింటికీ గట్టి కాయే అడ్డంకి. రెక్క కత్తిరించి, పేడనీళ్లలో మూడు రోజులు నానబెట్టి విత్తాలి. నానబెట్టకుండా చల్లితే మొలకలు పలచగా, ముందూ వెనకా వస్తాయి.