కిడ్నీ ఫైల్లో కొలెస్ట్రాల్ రిపోర్టు

పంజగుట్ట నిమ్స్ అయినా, అఫ్జల్‌గంజ్ ఉస్మానియా అయినా, కిడ్నీ ఓపీకి వచ్చేవాళ్ల ఫైల్లో కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు వెనకే కొలెస్ట్రాల్, ఇతర కొవ్వులు చూసే లిపిడ్ ప్రొఫైల్ కూడా ఉంటుంది. "కిడ్నీకి చూపించుకోవడానికి వస్తే కొలెస్ట్రాల్ పరీక్ష ఎందుకండీ?" అని అడగడం సహజం. ఆ ప్రశ్న వెనక దాదాపు రెండు వందల ఏళ్ల కథ ఉంది.

1827లో లండన్ గైస్ ఆసుపత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్ ఒంటికి నీరు పట్టడానికీ, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోవడానికీ, పాడైన కిడ్నీకీ ఉన్న సంబంధాన్ని చూపించాడు. అలాంటి రోగుల్లో కొందరి రక్తం నుంచి తీసిన సీరం పాలలా తెల్లగా ఉండటం ఆనాటి వైద్యులు గమనించారు. ఆ తెలుపు కొవ్వుదే. కొవ్వు నీళ్లలో కరగదు కాబట్టి ప్రొటీన్‌తో కలిసి చిన్న చిన్న పొట్లాలుగా రక్తంలో తిరుగుతుంది. అవే లైపోప్రొటీన్లు. కిడ్నీ జల్లెడ చిరిగి ఆల్బుమిన్ కారిపోతుంటే, ఆ లోటు పూడ్చడానికి కాలేయం ఎక్కువ పనిచేస్తుంది. ఆ ఊపులో లైపోప్రొటీన్లనూ ఎక్కువగా తయారుచేస్తుంది. పైగా రక్తంలోని కొవ్వును తొలగించే ఎంజైములు మందగిస్తాయి.

1982లో కిడ్నీ వైద్యుడు మూర్‌హెడ్, ఆయన సహచరులు లాన్సెట్ వైద్య పత్రికలో ఇంకో మాట అన్నారు: కిడ్నీ చెడితే కొవ్వు పెరగడమే కాదు, ఆ కొవ్వే తిరిగి కిడ్నీని దెబ్బతీయవచ్చని. జంతువుల మీద చేసిన ప్రయోగాలు దీన్ని చాలావరకు బలపరిచాయి. మనుషుల్లో మాత్రం లెక్క అంత సూటిగా తేలలేదు. తొమ్మిది వేలమందికి పైగా కిడ్నీ రోగులతో జరిగిన షార్ప్ అనే మందుల పరీక్ష ఫలితాలు 2011లో వచ్చాయి. కొలెస్ట్రాల్ తగ్గించే మందులతో గుండెపోటు, పక్షవాతం వంటి ప్రమాదాలు సుమారు 17 శాతం తగ్గాయి. కిడ్నీ చెడిపోయే వేగం మాత్రం తగ్గలేదు.

నా దృష్టిలో ఈ కథ అంతటికీ కీలకం ఇదే. కిడ్నీ రోగికి ఇచ్చే కొలెస్ట్రాల్ మాత్ర ముఖ్యంగా గుండె కోసం. డయాలసిస్ మొదలయ్యేదాకా ఎదురుచూస్తే ఆలస్యమైపోతుంది: ఆ దశలో కొత్తగా స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మందు) ఇచ్చి చూసిన 4డి (2005), అరోరా (2009) పరీక్షల్లో స్పష్టమైన లాభం కనబడలేదు.

ఇంకొకటి, చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ నార్మల్ అని రిపోర్టు పక్కన పెట్టేయకూడదు. కిడ్నీ జబ్బులో తరచూ కనిపించేది ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు పెరగడం, మంచి కొలెస్ట్రాల్ తగ్గడం. అందుకే కెడిగో అనే అంతర్జాతీయ కిడ్నీ సంస్థ 2013 మార్గదర్శకాలు ఎల్‌డీఎల్ అంకె ఒక్కదాన్నే పట్టుకోకుండా, డయాలసిస్‌కు రాని యాభై ఏళ్లు దాటిన కిడ్నీ రోగులకు స్టాటిన్ సూచించాయి. ముందునుంచీ వాడుతున్నవాళ్లు డయాలసిస్‌కు వచ్చాక కూడా కొనసాగించవచ్చన్నాయి.