రోబో చేతిని నడిపే స్పర్శ గ్లవ్‌లు: అపోహలు - వాస్తవాలు

ఈ గ్లవ్ వేసుకుని మీరు వేళ్లు కదిపితే దూరంలోని రోబో చెయ్యి అలాగే కదులుతుంది, దానికి తగిలింది గ్లవ్ మీకు తెలియజేస్తుంది.

అపోహ: గ్లవ్ వేళ్లకు వైబ్రేషన్ మోటార్లు పెడితే పట్టు తెలిసిపోతుంది.

వాస్తవం: తాకిందనీ, జారుతోందనీ మాత్రమే వైబ్రేషన్ చెబుతుంది. వేలిని అది ఆపలేదు. గ్లాసు అంచు దగ్గర మీ వేలు ఆగాలంటే దాన్ని వెనక్కి పట్టే తీగ, ఆ తీగకు బ్రేకో మోటారో కావాలి. దూరం నుంచి నడిపే రోబోల పోటీ ఏఎన్‌ఏ అవతార్ ఎక్స్‌ప్రైజ్‌ను 2022లో గెలిచిన బాన్ విశ్వవిద్యాలయపు నింబ్రో జట్టు వాడిన సెన్స్‌గ్లవ్ అనే గ్లవ్ అలా బ్రేకులతో పనిచేసేదే. వైబ్రేషన్‌నైనా ఆపకుండా ఇస్తే చర్మం అలవాటుపడి పట్టించుకోదు. తాకినప్పుడు ఒకసారి, వదిలినప్పుడు ఒకసారి, మధ్యలో బలం మారితేనే ఇవ్వండి.

అపోహ: ఏ మోటారైనా ఒకటే.

వాస్తవం: బరువు తిప్పే ఈఆర్‌ఎం మోటారు వేగం అందుకోవడానికే పదుల మిల్లీసెకన్లు పడతాయి. బరువును ఇటూ అటూ ఊపే ఎల్‌ఆర్‌ఏ మోటారు త్వరగా స్పందిస్తుంది, కానీ తన రెజొనెన్స్ (సహజ కంపన వేగం) దగ్గరే బాగా కదులుతుంది. వేలికొనకు బాగా తెలిసేది 250 హెర్ట్జ్ చుట్టుపక్కల. ఈ మోటార్లను నడిపే డీఆర్‌వీ2605ఎల్ డ్రైవర్ చిప్‌లో ఆటో కాలిబ్రేషన్‌ను (మోటారుకు తగ్గట్టు తనే సర్దుకోవడాన్ని) మోటారు గ్లవ్‌కు అతికించాకే నడపండి. చిప్‌లు మాట్లాడుకునే ఐ2సి తీగల మీద ఈ చిప్‌లన్నిటికీ చిరునామా ఒకటే. అయిదు వేళ్లకు అయిదు పెడితే మధ్యలో ఒక్కోసారి ఒక్కో చిప్‌కు దారి కలిపే టీసీఏ9548ఏ లాంటి మల్టీప్లెక్సర్ కావాలి.

అపోహ: రోబో వేలికి తగిలిన బలాన్ని ఎంత ఎక్కువగా తిప్పి పంపితే అంత సహజం.

వాస్తవం: అన్నిటికన్నా ప్రమాదకరమైన నమ్మకం ఇదే. రోబో వేలు గట్టి బల్లను తాకిన కబురు మీకు చేరేలోపు మీ వేలు ఇంకా ముందుకు వెళ్లిపోయి ఉంటుంది. ఆలస్యంగా వచ్చిన బలం దాన్ని వెనక్కి నెడుతుంది. రోబో వేలు బల్లను వదిలేస్తుంది, ఆ సంగతీ ఆలస్యంగానే తెలుస్తుంది. మీరు మళ్లీ నొక్కుతారు. ఈ ఊపు పెరిగి పెరిగి వస్తువునో, వేలినో విరుస్తుంది. గ్లవ్‌లోని కంట్రోల్ లూప్ (కొలిచి, బలాన్ని సరిదిద్దే చక్రం) సెకనుకు 1000 సార్లు తిరిగినా నెట్‌వర్క్ ఆలస్యం తగ్గదు. గెయిన్‌ను (బలాన్ని ఎంత మేరకు తిప్పి పంపాలో చెప్పే అంకెను) సున్నా దగ్గర మొదలుపెట్టి, రోబో వేలితో స్పాంజి, చెక్క, లోహం వరుసలో తాకిస్తూ పెంచండి. లోహం మీద ఊగడం మొదలైన విలువలో సగం దగ్గర ఆగండి. ఆలస్యం ఎక్కువైతే వేలిని ఆపడం మానేసి, వేలికొన చర్మాన్ని నొక్కే చిన్న పలక వాడండి. అది వేలిని దాదాపు కదిలించదు కనుక ఊపు పుట్టదు.

అపోహ: నెట్‌వర్క్‌లో ఏ ప్యాకెట్ (డేటా ముక్క) పోకుండా, పోయినదాన్ని మళ్లీ పంపించే టీసీపీ పద్ధతి వాడాలి.

వాస్తవం: పోయిన ప్యాకెట్ మళ్లీ వచ్చేదాకా కొత్తవి ఆగిపోతాయి. పాత బలం విలువతో పనేముంది? పోయినదాని కోసం ఆగని యూడీపీ పద్ధతి వాడి, వరుస సంఖ్య చూసి పాతవి పారేయండి.

అపోహ: లింకు తెగితే అన్నీ ఆపేస్తే చాలు.

వాస్తవం: గ్లవ్‌లో బలం సున్నా కావాలి, రోబో చెయ్యి మాత్రం పట్టు వదలకూడదు. లింకు తిరిగొచ్చేసరికి మీ వేళ్లు ఒక చోట, దాని వేళ్లు ఇంకో చోట ఉంటాయి. రెండూ ఒకే భంగిమకు వచ్చాకే కలపండి. లేదంటే చెయ్యి ఒక్కసారిగా తెరుచుకుని పట్టుకున్నది కింద పడుతుంది.