గిడుగు గారి హెచ్-ఇండెక్స్ ఎంత?

ఆ మధ్య శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్ దగ్గర జిరాక్స్ షాపులో ఇద్దరు లెక్చరర్లు ప్రమోషన్ ఫైళ్లు కుట్టించుకుంటూ కనిపించారు. కెమిస్ట్రీ మాస్టారి గూగుల్ స్కాలర్ ప్రింటులో హెచ్-ఇండెక్స్, అంటే ఆయన పేపర్లని మిగతావాళ్లు ఎంతగా ఉదహరించారో చెప్పే అంకె, 14. తెలుగు మేడం గారిది 1. పాతికేళ్లుగా శాసనాల మీద రాస్తున్నారావిడ, కాకపోతే ఆ పత్రికలు చాలావరకు నెట్‌లోనే ఉండవు, ఎవరు ఉదహరించినా లెక్కలోకి రాదు. ఆ కాగితాన్ని ఫైల్లో బోర్లా పెట్టుకున్నారు.

నిజానికి ఈ సైటేషన్ల లెక్క, అంటే ఎవర్ని ఎవరు ఉదహరించారన్న లెక్క, మనుషుల్ని తూచడానికి పుట్టలేదు. ఏ తీర్పుని తర్వాత ఏ కేసులో వాడారో, ఏది కొట్టేశారో చూసుకోడానికి అమెరికా లాయర్లకి 1873 నుంచీ షెపర్డ్స్ అనే సూచిక ఉండేది. సైన్స్‌కీ అలాంటిది కావాలని యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో రాశాడు, 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ తెచ్చాడు. వెతుక్కోడానికి, అంతే. కానీ అంకె కనిపించాక ఆఫీసులు ఊరుకుంటాయా?

2004లో నెట్‌లో సైటేషన్లు లెక్కపెట్టే స్కోపస్, గూగుల్ స్కాలర్ వచ్చాయి. మర్నాడే అన్నట్టు 2005లో ఫిజిక్స్ ప్రొఫెసర్ హిర్ష్ హెచ్-ఇండెక్స్ కనిపెట్టాడు: 14 అంటే, కనీసం 14 సైటేషన్లు చొప్పున వచ్చిన పేపర్లు 14 ఉన్నాయని. ఫిజిక్స్‌లో ఎడ్వర్డ్ విటెన్‌కి 110, జీవశాస్త్రాల్లో సాలమన్ స్నైడర్‌కి 191 అని చూపించి, రంగం మారితే అంకె మారుతుందని ఆయనే ఆ పేపర్లో చెప్పాడు. మన దగ్గర ఆ పేజీ ఎవరూ తిప్పినట్టు లేదు. 2010లో యూజీసీ లెక్చరర్ల ప్రమోషన్లకి ఏపీఐ అని పాయింట్లు పెట్టాక పేపర్లు ఎన్ని అన్నదే గోల, డబ్బు కడితే వారంలో అచ్చేసే పత్రికలు తయారు. వాటిని ఏరిపారేసి మంచి పత్రికలు చూపడానికి పెట్టిన కేర్ జాబితాని 2025లో యూజీసీయే తీసేసింది.

ఉద్దానం కిడ్నీ జబ్బు మీద రాస్తే శ్రీలంక, నికరాగ్వా దాకా అలాంటి జబ్బు మీదే పనిచేసేవాళ్లు ఉన్నారు, సైటేషన్లు త్వరగా పడతాయి. శ్రీముఖలింగం శాసనం మీద రాస్తే చదివేవాళ్లనే వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఆ శ్రీముఖలింగం పక్కన పర్వతాలపేటలోనే గిడుగు రామమూర్తి గారు పుట్టారు. సవరలతో కూర్చుని భాష నేర్చుకుని 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చువేయించారు. ఆ రెంటినీ ప్రపంచంలో ఎన్ని వేలసార్లు ఉదహరించినా, వాటి వల్ల వచ్చే హెచ్-ఇండెక్స్ 2 దాటదు.

ఈ మాట చెబితే మేడం గారు ఫైలు చంకలో పెట్టుకుంటూ, "అయితే ఆయనకన్నా ఒకటే తక్కువన్నమాట బాబూ" అన్నారు.